ఎక్కడ? ఎంత? ఎవరు? ఎప్పటికి? – ఒక దరఖాస్తు నేర్పిన పాఠం



తెలుగు తరగతిలో లేఖా రచన అనగానే మీరంతా రాసేవి రెండే. ఒకటి సెలవు చీటీ. రెండోది టీసీ కోసం దరఖాస్తు. "మా నాన్నగారికి బదిలీ అయినందువల్ల" అని మొదలుపెట్టి, పుస్తకం చూడకుండా రాసేయగలరు. మీలో కొందరి దగ్గర అప్పుడే మూడు నాలుగు బడుల టీసీలున్నాయి. నాదీ మీ దారే. ఉద్యోగంలో చేరి పదకొండేళ్లయింది, ఇది నాకు ఐదో ఊరు. ఎడారి చూశాను, తేయాకు తోటలు చూశాను, మధ్యలో మూడేళ్లు తూర్పు తీరంలో సముద్రం ఒడ్డున ఉన్నాను.

ఆ సముద్రం ఒడ్డున నేను రాసిన ఒక దరఖాస్తు గురించే ఈ పాఠం. ఒడ్డుకు కొట్టుకొచ్చిన పెద్ద చెత్తను తీయించడానికి ప్రభుత్వాన్ని డబ్బు అడుగుతూ రాసిన దరఖాస్తు అది. అలాంటిది ఎలా రాయాలో అప్పటికి నాకు తెలియదు. తెలిసేసరికి ఆలస్యమైంది. మీకు ఆ ఆలస్యం కాకూడదని ఇది రాస్తున్నాను.

1. మొదటి దరఖాస్తు

సంక్రాంతి సెలవులయ్యాక మా ఎకో క్లబ్ పిల్లలు ముప్పైమందితో ఒడ్డు శుభ్రం చేయడానికి వెళ్లాం. సీసాలు, తెగిన చెప్పులు, కవర్లు సంచులకెత్తాం. సరుగుడు తోట దాటాక ఒక గుట్ట కనబడింది. దూరం నుంచి ఇసుక తిన్నె అనుకున్నాం. దగ్గరికెళ్తే అది వల. ఎన్ని వలలు కలిసి చిక్కుపడ్డాయో చెప్పలేం. తాళ్లు, బెండ్లు, మధ్యలో ఒక టైరు. సగం ఇసుకలో కూరుకుపోయి ఉంది. దాని అంచున ఒక సముద్రపు తాబేలు, మెడా ముందరి కాలూ వలలో మెలిపడి, చనిపోయి ఉంది. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు. అది ఆ తాబేళ్లు వచ్చే కాలమే.

ముప్పైమందీ పట్టుకుని లాగారు. కదల్లేదు. పక్కన పడవకు తారు పూసుకుంటున్న పెద్దాయన చూసి, "టీచరమ్మా, అది లాగితే వచ్చేది కాదు. నీళ్లు తాగింది, ఇసుక తిన్నది. ట్రాక్టరు కావాల," అన్నాడు.

"ట్రాక్టరుకి డబ్బులెవరిస్తారు మేడమ్?" అని ఏడో తరగతి అమ్మాయి ఒకతె అడిగింది.

"ప్రభుత్వాన్ని అడుగుదాం," అన్నాను.

ఆ రాత్రి కూర్చుని రెండు పేజీలు రాశాను. తెలుగు టీచరుని కదా! సముద్రమాత కన్నీరు, మూగజీవుల ఆర్తనాదం, భావితరాల భవిష్యత్తు – అన్నీ పెట్టాను. చదువుకుంటే నాకే గర్వంగా అనిపించింది. మూడు వారాలకు ఆ కాగితం తిరిగొచ్చింది. మార్జిన్లో ఎవరో పెన్సిలుతో నాలుగు మాటలు రాశారు: "ఎక్కడ? ఎంత? ఎవరు? ఎప్పటికి?"

ముందు కోపం వచ్చింది. తర్వాత నా కాగితాన్ని నేనే మళ్లీ చదివాను. ఆ వల ఏ ఊరి ఒడ్డున ఉందో కూడా అందులో లేదు.

2. సముద్ర వ్యర్థం అంటే ఏది?

ఈ పని పద్ధతిగా ఎలా చేస్తారో తెలుసుకుందామని వెతికితే, అమెరికాలో దీనికోసం ఒక చట్టమే ఉందని తెలిసింది. 2006 డిసెంబరులో చేసిన ఆ చట్టం ప్రకారం సముద్ర వ్యర్థాల పని అక్కడి జాతీయ సముద్ర, వాతావరణ సంస్థ చూస్తుంది. ఆ సంస్థను పొట్టిగా 'నోవా' అంటారు. వాళ్ల నిర్వచనం సారాంశం ఇది: మనిషి తయారుచేసినదై, ఘనపదార్థమై, త్వరగా నశించనిదై, తెలిసో తెలియకో సముద్రంలోనో వాళ్ల మహా సరస్సుల్లోనో పారేసిన లేదా వదిలేసిన వస్తువు ఏదైనా సముద్ర వ్యర్థమే.

'తెలిసో తెలియకో' అన్న మాట గమనించండి. తుపానులో తెగిపోయిన వల జాలరి కావాలని పారేసింది కాదు. అయినా అది వ్యర్థమే. నైలాన్ దారం ఏళ్ల తరబడి కుళ్లదు. పట్టే మనిషి లేకపోయినా నీళ్లలో తిరుగుతూ చేపల్ని, పీతల్ని, తాబేళ్లని పడుతూనే ఉంటుంది. అందుకే ఇలాంటి వాటిని ఇంగ్లీషులో 'గోస్ట్ నెట్' అంటారు, అంటే దెయ్యపు వల.

సీసాలు, కవర్లు చేత్తో ఏరవచ్చు. వదిలేసిన పడవలు, గుట్టలుగా చిక్కుపడ్డ వలలు, విరిగిన జెట్టీ ముక్కలు చేత్తో తీసేవి కావు. క్రేను కావాలి, పడవ కావాలి, ఒక్కోసారి హెలికాప్టరే కావాలి. వీటికి డబ్బు కావాలి కాబట్టి దరఖాస్తు కావాలి.

3. ఎక్కడ? – రెండు జెట్టీల కథ

'ఎక్కడ' అన్న ప్రశ్నకు ఎందుకంత విలువో చెప్పే నిజమైన కథ ఒకటుంది.

2011 మార్చి 11న జపాన్‌లో భూకంపం, సునామీ వచ్చాయి. మిసావా అనే ఊరి చేపల రేవులోని తేలే జెట్టీలు తెగి సముద్రంలోకి పోయాయి. వాటిలో ఒకటి పసిఫిక్ మహాసముద్రం దాటి, 15 నెలల తర్వాత, 2012 జూన్‌లో అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో అగేట్ బీచ్‌కి చేరింది. పొడవు 66 అడుగులు, వెడల్పు 19 అడుగులు, ఎత్తు 7 అడుగులు. దాని ఒంటినిండా జపాన్ తీరపు జీవులు, సముద్రపు నాచు పట్టి ఉన్నాయి. అవి కొత్తచోట పాతుకుపోతే అక్కడి జీవులకు ముప్పు. అందుకని ముందు వాటిని గీకి తీశారు. ఒకటిన్నర టన్నులు వచ్చింది! అలలు అందని చోట గొయ్యి తీసి పూడ్చారు. తర్వాత జెట్టీని కోసి ముక్కలుగా తరలించారు. ఆ కోత పనికి కుదిరిన కాంట్రాక్టు విలువ 84,155 డాలర్లు.

అదే ఏడాది డిసెంబరులో ఇంచుమించు అదే కొలత ఉన్న రెండో జెట్టీ వాషింగ్టన్ రాష్ట్రంలోని ఒలింపిక్ జాతీయ వనం ఒడ్డున తేలింది. అది అడవి. రోడ్డు లేదు, యంత్రాలు వెళ్లే దారి లేదు. కోసిన ముక్కల్ని హెలికాప్టరుతో ఎత్తాల్సి వచ్చింది. 2013 మార్చిలో పని పూర్తయ్యేసరికి అయిన ఖర్చు 6,28,000 డాలర్లు.

లెక్కలు బాగా వచ్చినవాళ్లు చూడండి. ఇంచుమించు ఒకే వస్తువు, ఖర్చు ఏడు రెట్లకు పైగా. తేడా అంతా చోటులోనే ఉంది. దరఖాస్తులో 'సముద్రతీరంలో' అని రాస్తే చాలదనేది ఇందుకే. ఏ ఊరు, ఒడ్డు నుంచి ఎంత దూరం, రోడ్డు ఎంతవరకు ఉంది, పోటు సమయంలో నీళ్లు దాన్ని అందుకుంటాయా – ఇవన్నీ రాయాలి.

ఇంకో సంగతి. సునామీలో అంత నష్టపోయిన జపాన్, తమ దేశం నుంచి కొట్టుకుపోయిన వ్యర్థాలను తొలగించడానికి అమెరికాకు 50 లక్షల డాలర్లు స్నేహపూర్వకంగా ఇచ్చింది. అగేట్ బీచ్‌లో కోసిన జెట్టీ ముక్క ఒకటి ఒరెగాన్‌లోని న్యూపోర్ట్ పట్నంలో స్మారకంగా నిలిపారు.

4. ఎంత? – కొలిచి చెప్పడం

వల బరువెంతో ఎలా తెలుస్తుంది? తూకం వేయాలంటే ముందు ఎత్తాలి కదా, ఎత్తలేకే అడుగుతున్నాం.

దీనికి మా ఎనిమిదో తరగతి పిల్లలే ఉపాయం చెప్పారు. గుట్ట పక్కన రెండు చోట్ల తవ్వి లోతు చూశాం. పొడవు 4 మీటర్లు, వెడల్పు 2 మీటర్లు, సగటు మందం అర మీటరు. ఘనపరిమాణం 4 ఘనపు మీటర్లు. పది లీటర్ల బకెట్లో అదే తడి వలను ఇసుకతో సహా కూరి తూచాం. 8 కిలోలు. ఒక ఘనపు మీటరుకు అలాంటి బకెట్లు 100. నాలుగింటికి 400. అంటే 3,200 కిలోలు. ముప్పైమంది పిల్లలు లాగితే ఎందుకు కదల్లేదో ఆ లెక్క చెప్పింది.

ఇది కచ్చితమైన తూకం కాదు, అంచనా. కానీ ఎలా అంచనా వేశామో రాశాం కాబట్టి, చదివేవారు దాన్ని సరిచూసుకోవచ్చు. అంచనా వేసిన పద్ధతి చెప్పడం కూడా నిజాయితీలో భాగమే.

5. ఎవరు? – ఎవరిది, ఎవరు చేస్తారు

ఇందులో రెండు ప్రశ్నలున్నాయి. మొదటిది, ఆ వస్తువు ఎవరిది? యజమాని ఉన్న వస్తువును మనం ముట్టుకోకూడదు, ప్రభుత్వమూ తొందరపడి తీయలేదు. విశాఖపట్నంలో ఉన్న మీ బంధువులను అడగండి. 2020 అక్టోబరులో వాయుగుండం గాలులకు బంగ్లాదేశ్‌కు చెందిన 'ఎమ్.వి. మా' అనే సరుకు ఓడ తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చింది. జనం సెల్ఫీలకు ఎగబడ్డారు. కానీ అంత ఓడ ఒడ్డున ఆగితే ఎవరు తీయాలి, ఖర్చు ఎవరిది? ఇలాంటి ప్రశ్నల కోసమే 2007లో నైరోబీలో ఓడ శిథిలాల తొలగింపుపై అంతర్జాతీయ ఒప్పందం జరిగింది. 2015లో అమల్లోకి వచ్చింది. భారతదేశం కూడా అందులో ఉంది. దాని ప్రకారం ప్రమాదకరంగా ఉన్న శిథిలాన్ని తీయాల్సిన బాధ్యత ఓడ యజమానిది. 300 టన్నులకు, అంతకు పైబడిన ఓడలకు అందుకోసం బీమా కూడా ఉండాలి. మనకు దొరికిన వలకు మాత్రం పేరూ లేదు, ఊరూ లేదు. ఆ సంగతి కూడా దరఖాస్తులో రాయాలి.

రెండో ప్రశ్న, పని ఎవరు చేస్తారు? నోవాకు వచ్చే దరఖాస్తులను ఐదు విషయాల మీద మార్కులు వేసి చూస్తారు. పని ప్రాముఖ్యం, పని చేసే పద్ధతి, చేసేవాళ్ల అర్హత, ఖర్చు, ప్రజలకు దానివల్ల కలిగే అవగాహన. అక్కడ దరఖాస్తు పెట్టేది రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాలు, గిరిజన ప్రభుత్వాలు, విశ్వవిద్యాలయాలు, లాభాపేక్ష లేని సంస్థలు వంటివి. ముందుగా ప్రభుత్వ వెబ్‌సైటులో నమోదై 12 అక్షరాలు, అంకెలు కలిసిన గుర్తింపు సంఖ్య తెచ్చుకోవాలి. ఆఖరి రోజున కూర్చుంటే అది రాదు. చాలా గ్రాంట్లకు ముందు ఒక చిన్న ఉద్దేశ లేఖ పంపాలి, తర్వాతే పూర్తి ప్రతిపాదన. 2006 చట్టం ప్రకారం మామూలుగా ప్రభుత్వం సగం ఖర్చే భరిస్తుంది. మిగతా సగం అడిగినవాళ్లు చూపించాలి. అది డబ్బే కానక్కరలేదు. వాలంటీర్ల శ్రమకు, అరువిచ్చిన పడవకు కూడా విలువ కట్టి చూపవచ్చు. 2021 నవంబరులో చేసిన మౌలిక సదుపాయాల చట్టంలో సముద్ర వ్యర్థాల పనులకు ఐదేళ్లకు 20 కోట్ల డాలర్లు కేటాయించారు. ఆ డబ్బుతో పెద్ద వ్యర్థాల తొలగింపుకే ప్రత్యేకంగా దరఖాస్తులు పిలిచారు.

మన దేశంలో ఏమీ లేదనుకోకండి. 2022లో జులై 5 నుంచి 75 రోజుల పాటు 75 సముద్రతీరాల్లో 'స్వచ్ఛ సాగర్, సురక్షిత్ సాగర్' ఉద్యమం నడిచింది. కేరళలోని కొల్లం తీరంలో 2017 నుంచి జాలర్లు తమ వలల్లో పడిన ప్లాస్టిక్‌ను తిరిగి సముద్రంలో పారేయకుండా ఒడ్డుకు తెచ్చారు. దాన్ని ఏరి, తురుముగా చేసి రోడ్లు వేయడానికి వాడారు. మహారాష్ట్రలో ఇంకో మంచి పద్ధతి ఉంది. వలలో తాబేలులాంటి రక్షిత జీవి పడితే, జాలరి వల కోసి దాన్ని వదిలేయాలి. పోయిన వలకు ప్రభుత్వం పరిహారం ఇస్తుంది. అయితే కోసి వదిలినట్టు ఫోటోనో వీడియోనో చూపాలి. అదీ ఒక దరఖాస్తే, అక్కడా సాక్ష్యమే ముఖ్యం.

6. ఎప్పటికి? ఆ తర్వాత?

'ఎప్పటికి' అంటే పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుంది అని. తాబేళ్లు గుడ్లు పెట్టే రోజుల్లో ఒడ్డున ట్రాక్టరు నడిపితే, తాబేళ్లను కాపాడబోయి గుడ్లు తొక్కినట్టవుతుంది. తుపానుల కాలం వచ్చేదాకా ఆగితే వల మళ్లీ సముద్రంలోకి పోతుంది. పెద్దాయన్ను అడిగితే, పిల్లలు గుడ్లలోంచి వచ్చి నీళ్లలోకి వెళ్లిపోయాక, వానలు ముదరక ముందు తీయాలన్నాడు. ఆ మాటే తేదీలుగా మార్చి రాశాం.

తీసిన తర్వాత దాన్ని ఎక్కడ వేస్తారో కూడా చెప్పాలి. ఒడ్డున తీసి ఊరి చివర కుప్పపోస్తే చెత్త చోటు మారింది, అంతే. హవాయి దీవుల్లో సముద్రం నుంచి తీసిన వలలను హొనొలులులో ముక్కలుగా కోసి, కాల్చి, కరెంటు తయారుచేసే పద్ధతి 2002 నుంచి నడిచింది. మా ఊళ్లో అంత ఏర్పాటు లేదు. బెండ్లు, తాళ్లు పనికొచ్చేవి జాలర్లు తీసుకుంటారనీ, మిగిలింది మున్సిపాలిటీ యార్డుకు పంపుతామనీ రాశాం.

7. రెండో దరఖాస్తు

ఈసారి ఒకే పేజీ. పిల్లలతో కలిసి రాసింది. ముఖ్యభాగం మీకోసం:

విషయం: ఒడ్డున కూరుకుపోయిన చేపల వలల గుట్ట తొలగింపునకు ఆర్థిక సహాయం కోరుతూ.

అయ్యా,
మా పాఠశాలకు తూర్పున, సరుగుడు తోట దాటిన తర్వాత 300 అడుగుల దూరంలో, పోటు గీతకు పైన వలల గుట్ట ఒకటి ఉంది. తోట వరకు మట్టిరోడ్డు ఉంది, ట్రాక్టరు రాగలదు. గుట్ట బరువు సుమారు 3,200 కిలోలు (అంచనా వేసిన పద్ధతి, ఫోటోలు జతచేశాం). ఊరి జాలర్లను విచారించాం, అది తమది కాదన్నారు. ఒక తాబేలు అందులో చిక్కి చనిపోయింది. తవ్వడానికి ఊరి జాలర్లు పదిమంది రెండు రోజులు ఉచితంగా వస్తామన్నారు. ట్రాక్టరు అద్దె, యార్డుకు రవాణా ఖర్చు మాత్రమే కోరుతున్నాం. తాబేలు పిల్లలు సముద్రంలోకి వెళ్లిన తర్వాత, వానలకు ముందు పని పూర్తి చేయాలని మా మనవి.

కన్నీరు లేదు, ఆర్తనాదం లేదు. అయినా చదివితే వల కళ్ల ముందు కనబడుతుంది. భాషకు అలంకారం అందమే. కానీ అర్జీలో కొలతే అలంకారం.

8. నేను రాయని మాట

ఆ దరఖాస్తు మార్చి నెలాఖరున పంపాం. ఏప్రిల్‌లో నాకు బదిలీ ఉత్తర్వు వచ్చింది.

మీ అమ్మానాన్నలు ఛార్జి అప్పగించడం మీరు చూసే ఉంటారు. నేనూ అప్పగించాను. లైబ్రరీ పుస్తకాలెన్ని, జవాబు పత్రాల కట్టలెన్ని, బీరువా తాళాలెన్ని – అన్నీ రాసి సంతకం పెట్టాను. వల ఆ జాబితాలో లేదు. ఆ ఫైలు నా బీరువా కింది అరలోనే ఉండిపోయింది. కొత్తగా వచ్చిన టీచరుకు దాని గురించి ఒక్క మాట చెప్పలేదు. సామాన్లు, రైలు టికెట్లు, కొత్త ఊళ్లో ఇల్లు – ఆ హడావుడిలో మరిచిపోయాను.

అక్టోబరులో ఆ ఏడో తరగతి అమ్మాయి వాళ్ల అమ్మ ఫోను నుంచి మాట్లాడింది. వేసవి సెలవుల్లో ఒక ఉద్యోగి మా కాగితం పట్టుకుని బడికి వచ్చారట. వాచ్‌మన్‌కు ఏమీ తెలియదు. చూపించేవాళ్లు లేక ఆయన వెళ్లిపోయారట. "మొన్న వాయుగుండం వచ్చింది కదా మేడమ్. మేం వెళ్లి చూశాం. వల లేదు. సముద్రమే తీసుకెళ్లిపోయింది," అంది. కాసేపాగి, "మాకూ బదిలీ వచ్చింది మేడమ్," అంది.

ఆ వల ఇప్పుడు ఎక్కడ తిరుగుతోందో నాకు తెలియదు. మూడు టన్నులు. అంతా కొలిచి, తూచి, తేదీలతో సహా రాసి కూడా వదిలేశాను.

పిల్లలూ, మనలాంటివాళ్లకు ఒక అలవాటుంది. "ఇంకో ఏడాదేగా ఉండేది, మన ఊరా ఏమన్నానా" అనుకుంటాం. మొక్క నాటాలన్నా, ఫిర్యాదు చేయాలన్నా అదే మాట. జాగ్రత్తగా ఆలోచిస్తే, ఆ ఒడ్డున మొదలుపెట్టిన పనిని ఆపింది బదిలీ కాదు. నా తర్వాత ఎవరు చూస్తారో ఆ కాగితంలో రాయకపోవడం. 'ఎవరు' అన్న ప్రశ్నకు నేను జాలర్ల పేర్లు రాశాను, ట్రాక్టరు సంగతి రాశాను. నేను లేకపోతే ఎవరిని అడగాలో రాయలేదు. పడవకు తారు పూసే ఆ పెద్దాయన పేరు, ఇంటి గుర్తు రాసి ఉంటే చాలు. ఆయనకు బదిలీ లేదు.

ఇప్పుడు నా ప్రతి ఛార్జి జాబితాలో చివర ఒక వరుస ఉంటుంది: 'సగంలో ఉన్న పనులు, వాటిని తెలిసినవారు'. మీరు కూడా బడి మారేటప్పుడు టీసీతో పాటు అలాంటి కాగితం ఒకటి రాసి వదిలి వెళ్లండి.

అభ్యాసం

1. మీ ఊళ్లో ఒక్కరు ఎత్తలేని వ్యర్థం ఏదైనా ఉందా? చెరువులో మునిగిన బండి కావచ్చు, ఆటస్థలంలో పడి ఉన్న సిమెంటు స్తంభం కావచ్చు. దాని చోటు, కొలతలు, యజమాని వివరాలు సేకరించండి.
2. బరువు అంచనా వేసిన పద్ధతిని మూడు వాక్యాల్లో వివరించండి.
3. అగేట్ బీచ్ జెట్టీకి, ఒలింపిక్ వనం జెట్టీకి ఖర్చులో తేడా ఎందుకొచ్చింది?
4. మొదటి ప్రశ్నలోని వ్యర్థాన్ని తీయించమని ఒక పేజీలో దరఖాస్తు రాయండి. విశేషణాలు ఐదుకు మించకూడదు. చివర, మీరు ఊరు మారితే ఎవరిని సంప్రదించాలో తప్పక రాయండి.

పదాలు – అర్థాలు

బెండు: వలను నీటిపై తేల్చే తేలిక వస్తువు
జెట్టీ: పడవలు ఆగే కట్టడం
పోటు గీత: సముద్రం పోటెత్తినప్పుడు నీళ్లు చేరే హద్దు
శిథిలం: పాడై మిగిలిన భాగం